ఎడమకి ఎనిమిది, కిందకి ఆరు

పదమూడేళ్ళుగా ఒక చిన్న స్క్రూడ్రైవర్ నా బీరువాలో చీరల కింద పడి ఉంది. పారేద్దామని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో. మళ్ళీ అక్కడే పెట్టేసినాను. వేలెడంత లేదు, నన్ను మాత్రం ఇన్నేళ్ళూ లేవనీకుండా అణిచిపెట్టింది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలను. మా ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. కట్టుకున్నాయనకి కూడా.

నెల్లూరులో పాత వడ్ల గోడౌన్లో మా షూటింగ్ క్లబ్బు. పేరుకే క్లబ్బు. పది మీటర్ల అవతల అట్ట గురి, ఆడపిల్లలందరికీ కలిపి పోటీకి పనికొచ్చే ఎయిర్ పిస్టల్ ఒక్కటే. నేను అయిదేళ్ళ నుంచి కొడతా ఉన్నదాన్ని. కామాక్షి నా వెనకాల వచ్చింది. ఇందుకూరుపేట పక్క సముద్రపొడ్డు పిల్ల, వాళ్ళ నాయన వల వేసి బతికే మనిషి. రెండు బస్సులు మారి వచ్చేది. అక్కా అక్కా అని నన్ను వదిలేది కాదు.

ఒక్క పిస్టల్‌తో ఇద్దరు కొట్టాలంటే ఒక పద్ధతి ఉండాలి. పిస్టల్ మీద గురి చూసుకునే వెనక సైటుకి రెండు మరలు ఉంటాయి. ఒకటి పక్కలకి జరుపుతుంది, ఒకటి పైకీ కిందకీ. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే టిక్కు టిక్కుమని లెక్క తెలుస్తుంది. నా కంటికి ఒక లెక్క, ఆమె కంటికి ఒక లెక్క. రెండూ చీటీ మీద రాసి పెట్టె మూతకి అంటించినాము. నేను కొట్టినాక ఆమె లెక్కకి తిప్పి ఇవ్వాలి. అది నా పనే, ఎందుకంటే ఆమెకి సైటు ఎంచి పెట్టింది నేనే. వెనక సైటులో సన్న గాడి పెడితే ఆమె కన్ను తడబడేది. వెడల్పు గాడి పెట్టి, ముందు సైటుకి రెండు పక్కలా సమానంగా వెలుతురు కనబడేదాకా వారం రోజులు కుస్తీ పడినాము. కుదిరినాక గుండ్లన్నీ రూపాయి బిళ్ళంత చోట పడినాయి. నీ పుణ్యమక్కా అనింది. ఆ రోజు నేను నిజంగానే సంతోషపడినాను. అది మాత్రం అబద్ధం కాదు.

రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలు వచ్చినాయి. మిగిలింది ఒక్క చోటు, అదీ మా ఇద్దరిలో ఒకరికే. జట్టులో ఉంటే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే క్రీడల కోటాలో ఉద్యోగం. నాకు వయసు దాటిపోతా ఉంది. అదే ఆఖరు. పొద్దున నా వంతు, బాగా కొట్టలేదు. మధ్యాహ్నం కామాక్షి వంతు. ఆమె రోజూ కొట్టినట్టు కొడితే చాలు, నేను ఇంటికి.

పిస్టల్ తీసుకుని గోడ పక్కకి పోయినాను. చీటీ చూసి ముందు ఆమె లెక్కకే పెట్టినాను. ఆ తర్వాత ఎడమకి ఎనిమిది టిక్కులు, కిందకి ఆరు. కోపంలో చేసినానా? కాదు. ఆలోచించే చేసినాను. మరీ ఎక్కువ తిప్పితే సైటే చెడిందని ఎవరికైనా తెలిసిపోతుంది. కొంచెం ఎడమకి, కొంచెం కిందకి అయితే వేరే సంగతి. మా మాస్టారు మొదటి రోజు నుంచి చెవినిల్లు కట్టుకుని పోరిన మాట ఒకటుంది. కుడిచేత్తో కొట్టేవాళ్ళకి గుండు ఎడమకి కిందకి పడిందంటే తప్పు తుపాకీది కాదు, ట్రిగ్గర్‌ని గుంజిన వేలిది.

పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి కొంచెం టైము ఇస్తారు. అప్పుడు కామాక్షి నాలుగైదు గుండ్లు కొట్టి, నేను నిలబడిన తాడు దగ్గరికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా, ఎడమకి కిందకి పోతా ఉండాయి. సైటు ఏమన్నా కదిలిందా? ఒక్కసారి చూడక్కా."

స్క్రూడ్రైవర్ నా జేబులో, నా పిడికిట్లో ఉంది.

"సైటు నేనే పెట్టినాను గదా. గుంజతా ఉండావు నువ్వు. చెయ్యి చూసుకో."

"అవునక్కా, నా చెయ్యే," అని తలూపి పోయింది.

ఎదురు చెప్పి ఉంటే? మర తిప్పమని పట్టుబట్టి ఉంటే? ఎందుకు అడుగుతుంది, నన్ను నమ్మింది గదా. పట్టు మార్చింది, వేలు మార్చింది, నిలబడేది మార్చింది, మార్చేకొద్దీ గుండ్లు ఇంకా చెదిరిపోయినాయి. ఇంకా టైముంది, లేచి చెప్పొచ్చు, ఇంకా టైముంది అనుకుంటానే నేను ఆఖరి గుండు దాకా కుర్చీలో కూర్చున్నాను. అంతా అయినాక ఆమె ఏడుస్తా ఉంటే నీళ్ళ సీసా చేతికిచ్చి, పక్కకి పోయి మరలు మళ్ళీ చీటీ లెక్కకి తిప్పేసినాను.

ఉద్యోగం నాకు వచ్చింది. కామాక్షి పిస్టల్ వదిలేసి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి చేరింది. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు. నాతో మాత్రం తెగదెంపులు చేసుకోలేదు. అదే నా ఖర్మ. తిట్టిపోసి పోయినా బాగుండేది. సందువ చేపలు దొరికితే ఇప్పటికీ నాకొకటి తీసిపెడుతుంది. వాళ్ళింట్లో ముగ్గు కూడా ఆమె వేయదు, తోడికోడలితో వేయిస్తుంది. నా చేతికి నిలకడ లేదు, మా అక్క ఆ రోజే కనిపెట్టింది అని నా ముందరే నలుగురికీ నవ్వుతా చెప్తుంది. నేనూ నవ్వుతా వింటాను. ఇంకేం చేసేది? నిజం చెప్తే ఈ ఉద్యోగం ఎవరిది? నన్ను మేడమ్ అనే పిల్లల ముందు ఏ మొహంతో నిలబడేది? ఆదివారాలు ఆ గోడౌన్లో నేర్పించేది ఇప్పుడు నేనే. ఎడమకి కిందకి పడితే తప్పు వేలిది అని నా నోటితోనే చెప్పాలి. 

పోయిన నెల ఒక ఆదివారం కామాక్షి చేపలివ్వను క్లబ్బుకే వచ్చింది. పాత పిస్టల్ బల్ల మీద ఉంది. దాన్నే చూస్తా నిలబడింది. ఒక్కసారి కొట్టమన్నాను. చీటీ ఇంకా మూతకి అంటుకునే ఉంది. ఆమె లెక్కకి తిప్పి ఇచ్చినాను, ఒక్క టిక్కు తేడా లేకుండా. అయిదు గుండ్లు కొట్టింది. అయిదూ నడిమధ్యలో, ఒకదాన్నొకటి ఒరుసుకుని. ఐసులో నానిన చేతులతో, పదమూడేళ్ళకి. ఇప్పుడు తెలిసిపోతుంది, నా పని అయిపోయింది అనుకున్నాను. అయిపోతే బాగుండుననీ అనుకున్నాను.

అట్టని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది. "తుపాకీని బాగు చేయించినట్టుండారే అక్కా!"

నిజం నోటిదాకా వచ్చింది. "ఆఁ, చేయించినాము," అన్నాను.

ఆ అట్ట ఇప్పుడు నా బీరువాలో స్క్రూడ్రైవర్ పక్కన ఉంది. ఆమె ఎదురుగా నిలబడి చెప్పగలనా? ఒట్టేసి చెప్పలేను. మీరు నన్ను క్షమించే పని పెట్టుకోవద్దు, అది మీ చేతిలో లేదు. ఇంతదూరం రాసినాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతా ఉంది, అంతే. మిగిలిన మాట కూడా రాసేస్తాను. ఆ తుపాకీని ఎవరూ బాగు చేయించలేదు. సైటు తిప్పింది నేను. కామాక్షి చెయ్యి ఆ రోజు కూడా బాగానే ఉంది.