తవిటమ్మకు నేను పెట్టిన పేరు

మా మనవడి ఇంట్లో టీపాయ్ మీద ఒక కొత్త పుస్తకం ఉంది. అట్ట మీద బోసినవ్వుల పాపాయి బొమ్మ, లోపల నున్నటి కాగితాలు. తెరిస్తే సిరా, జిగురు కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది, దాని వెనకే పక్కగదిలోంచి బాలింతకు పెట్టే వాము వాసన, పసిబిడ్డ పౌడరు వాసన వస్తాయి. అది పేర్ల పుస్తకం. అకారం నుంచి హకారం దాకా పేర్లు, పేరు పక్కన అర్థం, అర్థం పక్కన అదృష్ట సంఖ్య. పది రోజులుగా మనవడూ వాడి భార్యా తమ పాపకు పేరు కోసం దాన్ని ముందేసుకుని కూర్చుంటున్నారు, అది చాలనట్టు ఫోన్లో కూడా వెతుకుతున్నారు. "ఇది బాగుంది కదరా" అని నేనొకటి చూపిస్తే, "నహీ తాతా, యూనిక్ హోనా చాహియే" అంటాడు, ఇంకెవరికీ లేని పేరు కావాలట. నేను తెలుగులో అడుగుతాను, వాడు హిందీలో జవాబిస్తాడు. టాటానగర్‌లో, ఈ గోల్‌మురి పేటలో మా ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తాయి.

నాకు ఒళ్ళు మండింది. పిల్లని ఎత్తుకోనివాడు, పిల్ల మొహమైనా చూడనివాడు ఎక్కడో కూర్చుని రాసిన జాబితాలోంచి పేరు ఏరుకోవడమేమిటి, కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుకున్నట్టు, అని కేక వేయబోయాను. ఈ మాట అనడానికి ఎవరికి అర్హత ఉన్నా నాకు లేదు. ఎందుకు లేదో అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

మా నాన్న రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ ఒకే వరస క్వార్టర్లలో ఉండేవి. పొద్దున్నే సైరను కూయగానే మగవాళ్ళంతా సైకిళ్ళెక్కి ఒక గుంపుగా కదిలిపోతే, ఆ తర్వాత వీధంతా ఆడవాళ్ళదీ మాదీ అయ్యేది. ఎండాకాలం వడగాలికి కిటికీలకు తడి గోనెలు కట్టి, వాటి చల్లదనంలో నేల మీద పడుకుని, చోడి అంబలి తాగి, పనస గింజలు కాల్చుకు తినేవాళ్ళం. వానల్లో వీధి చివర పల్లంలో నీళ్ళు నిలిస్తే, ఎవరో తెచ్చిపడేసిన రేకు ముక్కలు వంచి పడవలు చేసేవాళ్ళం; అవి తేలేవి కావు, వేళ్ళు మాత్రం కోసుకుపోయేవి. వీధికి ఆ చివర నూకాలమ్మ పెద్దమ్మ ఇల్లు. చుట్టం కాదు, భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు. గోల్‌మురి బజార్లో గోనె పరుచుకుని ఎండుచేపలు అమ్మేది. ఆమె వీధిలోకి రాకముందే వాసన వచ్చేది, వాసన కంటే ముందు గొంతు వచ్చేది.

నా తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. నాకు ఏడో ఏట చెల్లెలు పుట్టింది. మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఇరుగుపొరుగులో ఒకరికి ఆ బిడ్డను తవుడుకు అమ్మేస్తారు. తవుడు విలువ చేసే బిడ్డ కనుక మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. పదకొండో రోజు పొద్దున అమ్మ పసిదాన్ని చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టింది. నూకాలమ్మ పెద్దమ్మ ఇంకో చేట నిండా తవుడు తెచ్చి అమ్మ ఒళ్ళో కుమ్మరించి, బిడ్డను ఎత్తుకుంది.

"ఇది నా గుంట. దీని పేరు తవిటమ్మ. నీకు పెంచడానికిత్తన్నాను, బాగా సూసుకో" అంది.

"అలాగేనప్పా" అంది అమ్మ, నవ్వుతూ ఏడుస్తూ.

ఆ తవుడు పాలవాడి గేదె తినేసింది. చెల్లెలు బతికింది. ఆ రోజు నుంచి పిల్లకు సంబంధించిన మొదటివన్నీ నూకాలమ్మ పెద్దమ్మవే. మొదటి ముద్ద ఆమె పెట్టాలి, మొదటి గౌను ఆమె కొనాలి, పుట్టువెంట్రుకలు ఆమె ఒళ్ళోనే తీయాలి. సాయంత్రం ఖాళీ బుట్టతో మలుపు తిరుగుతూనే "తవిటమ్మా!" అని కేకేసేది. ఆ కేకకు చెల్లెలు ఎక్కడున్నా, ఏ ఆటలో ఉన్నా, ఆమె కాళ్ళను చుట్టుకోవడానికి పరిగెత్తేది.

నేను హిందీ బడిలో అయిదో తరగతితో ఆగిపోయాను. తెలుగు మాత్రం పంచాంగం మీదా, పొట్లాల కాగితాల మీదా సొంతంగా నేర్చుకున్నాను. పన్నెండో ఏట, టాటానగర్ స్టేషను బయట పాత పుస్తకాలమ్మే అతని దగ్గర నాన్న నాకోసం ఒక పేర్ల పుస్తకం కొన్నాడు. ఇంక నన్ను పట్టేవాడు లేడు. మా వరసలో ఎవరింట బిడ్డ పుట్టినా నన్ను పిలిచి, పీట వేసి, బెల్లం పానకం ఇచ్చి చదవమనేవారు. "జలజాక్షి" అని నేను చదివితే, "నోరు తిరగట్లేదు నాయినా, అమ్మోరి పేరేటైనా ఉందేటో సూడు" అని ముసలమ్మలు బతిమాలేవారు. నేను కసిరేవాణ్ణి. అప్పలమ్మ, పెంటయ్య, తవుడు, ఇవీ పేర్లేనా అని ఎగతాళి చేసేవాణ్ణి. మా ఇంట్లోనే ఒక తవిటమ్మ ఉందన్నది నాకు ముల్లులా గుచ్చుకునేది. పుస్తకంలో మృణాళిని అనే పేరు కింద పెన్సిలుతో గీత గీసి దాచుకున్నాను.

మరుసటి ఏడు చెల్లెల్ని బడిలో వేయాల్సి వచ్చింది. ఆ మొదటిదీ నూకాలమ్మ పెద్దమ్మదే. ఆ రోజు బజారు మానుకుని, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది. అయినా చేపల వాసన పోలేదు. చెల్లెలు ఒక చేత్తో ఆమె కొంగు, ఇంకో చేత్తో నా వేలు పట్టుకుంది. బడి గుమాస్తా కిటికీ ముందు వరసలో మా వెనక ఇస్త్రీ బట్టల పిల్లలు, బూట్లేసుకున్న తండ్రులు.

"నామ్?" అన్నాడు గుమాస్తా.

"తవిటమ్మ, బాబూ."

"క్యా? మత్‌లబ్ క్యా హై ఇస్కా?" అన్నాడు, ఆ పేరుకు అర్థమేమిటని.

వెనక ఎవరో నవ్వారు. పెద్దమ్మ నావైపు తిరిగి, "సెప్పరా, నీకు సదువొచ్చు కదా" అంది. గర్వంగానే అంది.

నేను గుమాస్తాకు హిందీలో చెప్పాను. ఈవిడ మా ఇంట్లో పాచిపని చేస్తుంది, ఈవిడకేమీ తెలియదు, పిల్ల పేరు మృణాళిని అని చెప్పాను. ఇరవై ఏళ్ళుగా బీహారీలతో, బెంగాలీలతో హిందీలో బేరమాడి చేపలమ్మిన మనిషి ఆమె. ఇంట్లో మాతో మన మాటే మాట్లాడేది కనుక, ఆమెకు ఇంకో భాష రాదన్నట్టు చెప్పేశాను. చెప్పిన మరుక్షణం ఆమె మొహం చూశాను, ఆమెకు అంతా అర్థమైంది. చెల్లెలి తల సవరించింది. గుమాస్తా రాసుకున్నాడు.

తిరిగి వస్తూ మిఠాయి కొట్టు దగ్గర ఆగి జిలేబీ కొంది. మొదట నాకే ఇచ్చింది. నేను తిన్నాను. అది కూడా చెప్పుకోవాలి.

ఇంటికి రాగానే అమ్మ బడిలో ఇచ్చిన కాగితం నా చేత చదివించుకుని మండిపడింది. "అమ్మిన గుంటకి పేరెట్టడానికి ఆ గుమాస్తా ఎవుడు? ఇదేటప్పా?" అంది. నేను నేల చూపులు చూస్తున్నాను. నూకాలమ్మ పెద్దమ్మ బుట్ట సర్దుకుంటూ, "ఆ బాబు ఒప్పుకోలేదమ్మా. ఇస్కూల్లో ఇలాటి పేర్లు రాయరంట. పోన్లే, గుంట బతికింది కదా, ఇంకేటి బయం" అంది.

ఆ సాయంత్రం నుంచి మలుపులో కేక వినబడలేదు. మా అందరి ముందూ చెల్లెల్ని "పిల్లా" అనే పిలిచేది. నాకు ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకు ఆమె పోయింది. పాడె మోశాను. చెప్పాల్సిన మాట మాత్రం బతికుండగా చెప్పలేదు.

మొన్న పసిదాన్ని చూడటానికి మా చెల్లెలు గోవింద్‌పూర్ నుంచి వచ్చింది. ఆమెకూ మనవలున్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి. మనవడి అత్తవారు పక్కగదిలో పేర్ల మీద వాదించుకుంటుంటే, మేమిద్దరం ముందుగదిలో టీ తాగుతున్నాం. ఇక దాచుకోవడం నా వల్ల కాక, ఆ రోజు బడి కిటికీ దగ్గర ఏం జరిగిందో చెప్పేశాను.

"నాకు తెల్దేటి? నీ యేలట్టుకునే ఉన్నాను కదా" అంది.

"నీకప్పుడు ఆరేళ్ళే!"

"ఆరేళ్ళయితే? ఈదిలో ఆడిందంతా హిందీలోనే కదన్నియ్యా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా..."

"పెద్దమ్మ సెప్పొద్దంది. మీ అన్న సదువుకున్నోడు, ఆడి ముందర ఆ పేరు పిలిత్తే సిగ్గుపడిపోతాడు, మనింట్లో మనం పిలుసుకుందాంలే అంది. పోయీదాకా తవిటమ్మనే పిలిసీది. తలుపేసి."

ఆ వరస క్వార్టర్లు ఇప్పుడు లేవు, వాటి చోట అంతస్తులు లేచాయి. తవుడుకు బిడ్డనమ్మే తల్లీ లేదు, కొనుక్కునే తల్లీ లేదు. బిడ్డ బతకాలని పొరుగింటి మనిషి తన నోటితో పేరు పెట్టడమన్నది మా పిల్లలకు కథగా కూడా తెలియదు. చెల్లెలి రేషను కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద, మనవల నోట పదమూడో ఏట నేను గొప్పకు పెట్టిన పేరొక్కటే మిగిలింది.

"ఇప్పుడు ఆ పేరెట్టి పిలిసీవోలు ఎవులున్నారు?" అంది చెల్లెలు. కప్పు కింద పెట్టి, "నువ్వొకపాలి పిలు" అంది.

పక్కగది తలుపు వైపు చూశాను. గొంతు సవరించుకుని పిలిచాను.

చెల్లెలు నవ్వేసింది. "అంత మెల్లిగానేటి? నీకింకా సిగ్గేనేటి అన్నియ్యా?"