ఫ్రిజ్‌లో మధ్య అర

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మా స్టూడెంట్ల అద్దింట్లో ఫ్రిజ్ ఒకటే. పై అర శాకాహారినైన నా పెరుగుది, కింది అర నెల్లూరు రూమ్మేట్ చేపల పులుసుది. మధ్య అర స్విట్జర్లాండ్ హౌస్‌మేట్‌ది.

సొంత దేశంలో సైన్యంలో పనిచేసొచ్చిన మనిషి. మా గొడవల్లో ఎవరి వైపూ మాట్లాడేవాడు కాదు. పులుసు గిన్నె తన అరలోకి వస్తే మాత్రం రెండు వేళ్లతో ఎత్తి కిందికి దించి, తన చీజ్ ముక్కను మళ్లీ నిటారుగా నిలబెట్టేవాడు.

"యుద్ధమే చెయ్యని దేశానికి సైన్యమెందుకు బాస్?" అన్నాడొకసారి రూమ్మేట్.

"పక్కవాళ్ల యుద్ధం మా మీదుగా పోకుండా," అన్నాడతను, ఫ్రిజ్ తలుపు మూస్తూ.

చదువైపోయి వెళ్లిపోయాడు. ఆ వారమే నా పెరుగుకి చేపల వాసన పట్టింది.

"ముందు నీ పెరుగు గిన్నే కిందికి దిగిందిరా!" అన్నాడు రూమ్మేట్.

"నీదే పైకెక్కింది!"

ఇప్పుడు ఇద్దరం కలిసి చీజ్ కొని మధ్య అరలో నిలబెడుతున్నాం. ఇద్దరమూ తినం.