గుమ్మంలో బూడిద

సంతోషకుమారిది నరసరావుపేట. గుంటూరులో నర్సు పని నేర్చుకుని, 2001లో ఐర్లండ్‌లోని డబ్లిన్ వచ్చింది. రెండేళ్లకు భర్త బాలశౌరిని పిలిపించుకుంది. నరసరావుపేటలో కాలేజీ పాఠాలు చెప్పినవాడికి ఇక్కడ పని చేసే అనుమతి లేదు. డబ్లిన్ శివారు స్వోర్డ్స్‌లో అద్దె ఇంట్లో కూర్చుని భార్యను అనుమానించడమే ఆయన ఉద్యోగమైంది.

ఆదివారాలు అక్కడే ఒక హాల్లో తెలుగు క్రైస్తవుల ఆరాధన. సంఘ పెద్ద రత్నకుమార్‌కు పాత ప్రసంగ కథల పిచ్చి. ఏడొందల ఏళ్ల కిందట క్రైస్తవ సన్యాసులు యూరప్ ఊళ్లలో చెప్పి తిరిగిన కథలవి. వాటిలో దయ్యం ఎప్పుడూ ఆడదాని పావడా కుచ్చిళ్లలోనే దాక్కుంటుంది. మగవాడి జేబులో దానికి చోటు దొరకదు మరి.

ఆ వారం కథలో ఒక వర్తకుడు ప్రయాణం పోతూ గుమ్మంలో బూడిద చల్లాడు. తిరిగొచ్చేసరికి పెళ్లాం పాదాల గుర్తులు వీధిలోకి వెళ్లి ఉన్నాయి.

"ఇంకేం కావాలి సాక్ష్యం?" అన్నాడు రత్నకుమార్.

సంతోషకుమారి మొగుడి వైపు చూసింది. బాలశౌరి రోజూ కారు మీటరు అంకెలు కాగితం మీద రాసుకోవడం ఆమె చూస్తూనే ఉంది. బోమాంట్‌లో తను పనిచేసే ఆసుపత్రికి రానూపోనూ అయ్యే దానికన్నా మీటరు ఎనిమిది మైళ్లు ఎక్కువ తిరుగుతోంది. ఈ కథ పెద్దాయనకు తోచిందా, ఇంట్లోంచి అందిందా?

"సంతోషకుమారమ్మా, సంసారం నిలబడాలంటే కారు తాళాలు శౌరి చేతిలో పెట్టు. సంఘం ఎదుటే పెట్టు," అన్నాడు పెద్దాయన.

బాలశౌరి చెయ్యి చాపాడు. అయితే అందింది ఇంట్లోంచే! తాళాలిస్తే రేపట్నుంచి డ్యూటీకి పోవడానికీ ఆయన్ని బతిమాలుకోవాలి.

ఆమె లేచింది. "అయ్యగారూ, ఆ వర్తకుడు ఊళ్లమ్మట తిరిగాడు గదా. ఆయన కాళ్లకింద ఎవరన్నా బూడిద చల్లారా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ ఎనిమిది మైళ్లూ ఎక్కడివో చెప్పు ముందు," అన్నాడు బాలశౌరి.

"ఒక్కరోజన్నా నన్ను అడిగారా?"

అదే ఆసుపత్రిలో పనిచేసే అబిగేయిల్ నిండు పొట్టతో ఆయాసపడుతూ లేచింది. "డ్యూటీ అయ్యాక అక్క నన్ను మా ఇంటి దగ్గర దింపుతున్నారంకుల్. ఏడో నెల, బస్‌స్టాపులో నిలబడలేకపోతున్నా."

"కూర్చోమ్మా. నీ కడుపు నాకు సాక్ష్యం చెప్పక్కర్లేదు," అంది సంతోషకుమారి.

"స్తోత్రం! అనుమానం తీరింది," అన్నాడు రత్నకుమార్. "ఇక తాళాలు ఇచ్చెయ్యమ్మా, గొడవుండదు."

బాలశౌరి చెయ్యి అలాగే ఉంది. అనుమానం పోయినా చెయ్యి దిగలేదు.

"అనుమానం తీరాక కూడా ఆ చెయ్యెందుకండీ?"

ఆమె తాళాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, అబిగేయిల్ భుజం పట్టుకుని బయటికి నడిపించింది.