నాయన ఫారంలో లేని గడి

ఊళ్లో పెద్దలందరినీ ఎలా చేర్చుకోవాలో చెప్పే ఉద్యోగం చేస్తూ, సొంత తండ్రిని చేర్పించడంలో బోల్తాపడిన తెలివి నాది. 2001లో గోరంట్ల దగ్గర ఒక ట్రస్టు నడిపే వృద్ధుల ఆశ్రమంలో పర్యవేక్షకుడిగా చేరాను. పర్యవేక్షణంటే పరుల ఇళ్లను వీక్షించడమే అనుకున్నానేమో, మా ఇంటివైపు చూడలేదు.

మా దగ్గర తాత్కాలిక చేరిక అని ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో చూసుకునే మనిషికి జబ్బు చేసినా, వేరుశనగ పీకేకాలం ముంచుకొచ్చినా, పెద్దవాళ్లను పది పదిహేను రోజులు మేం ఉంచుకునేవాళ్లం. వారం ముందే తీసుకొచ్చి ఒక పూట మాతో భోంచేయించాలి. ఇరవైరెండు గడుల ఫారం ఆ పెద్దమనిషి నోట విని నింపాలి. వరుసగా రెండు పూటలు తినకపోతే ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోవాలి. ఈ నిబంధనలు రాసింది నేనే.

మరుసటి ఏడాది నా భార్య సరోజకు పిత్తాశయంలో రాళ్లని అనంతపురంలో ఆపరేషన్ చెప్పారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ గోడ పట్టుకుని నిలబడేది. నాయనకేమో చక్కెర జబ్బు. వేళకు తిండి, మాత్ర పడాలి. చూసుకునేందుకు ఇంకెవరూ లేరు. మా నాయన నాకు తెలియకపోవడమేమిటని ముందు తీసుకుపోవడం మానేసి, ఆయన చేనికి పోయిన సమయంలో ఫారం నేనే నింపేశాను. మెత్తటి రాగిముద్ద, పలుచటి పప్పు, ఎడమ చెవి మందం. గడులన్నీ నిండాయి, ఆయన గడుసుతనానికి మాత్రం గడి లేదు.

చేర్చిన మరునాడు ఉదయం, ఆపరేషన్‌కు కాస్త ముందు, ఆశ్రమంలోని ఆయా నాగమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసింది. నాయన రాత్రి తినలేదట, పొద్దున టిఫినూ ముట్టలేదట. భోజనం గంట మోగితే అందరూ లేచారు, ఆయన మంచం దిగలేదు. ఎందుకని అడిగితే, "గంట కొడితే ఉరికేదానికి నేనేమన్నా ఇస్కూలు పిల్లోణ్ణా?" అన్నాడట. రెండు పూటలు అయ్యాయి. నా నిబంధన ప్రకారం నేను బయల్దేరాలి, ఆపరేషన్ ఆగాలి.

మంచం మీదున్న సరోజకు సంగతి చెప్పాను.

"మామను తినేకి ఎవరు పిలవల్లని రాసినారు?" అంది.

రాయలేదు. మా వైపు పెద్దలు ఇంటి మనిషి దగ్గరికొచ్చి నోటితో పిలిస్తేనే కంచం ముందు కూర్చుంటారు. ఇరవై ఏళ్లుగా ఆ పిలుపు సరోజదే. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నాయన భోంచేసి ఉండేవాడు కాబట్టి అది నా చెవిన పడనే లేదు. మందం ఎవరి చెవో ఫారంలో తప్పు రాసినట్టున్నాను.

దగ్గరికెళ్లి ఇంటి మనిషిలా నోటితో పిలవమని నాగమ్మకు ఫోన్‌లోనే చెప్పాను. ఆమె వెళ్లి, "లెయ్యి పెద్దాయనా, నువ్వు రాకుండా మేం తినేదెట్ల?" అందట. ఆయన కండువా సర్దుకుని లేచాడట. సరోజను లోపలికి తీసుకెళ్లారు.

నాయన అక్కడ పన్నెండు రోజులు హాయిగా ఉండి వచ్చి, "మావోడు ఆడ పెద్దాఫీసరంట, నాయన ఎట్ల తింటాడో తెల్దు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. అది ట్రస్టు వాళ్ల దాకా పోయింది.

చేరబోయే మనిషినీ, రోజూ వడ్డించే మనిషినీ అడగకుండా ఏ ఫారమూ నింపకూడదని అప్పుడు నేర్చుకున్నాను. భోజనానికి ఎవరు పిలవాలి అని ఇరవైమూడో గడి చేర్చాను.

మరుసటి ఎండాకాలం సరోజ పుట్టింటికి పోవాల్సి వస్తే, ఫారం నాయన చేతికే ఇచ్చాను. రెండు రోజులు కూర్చుని నింపాడు, ఇరవైమూడో గడి తప్ప. అడిగితే, "అదీ రాయల్లనా? నీకు తెల్సు కదప్పా" అన్నాడు.

తెలుసు. కానీ ఖాళీ గడి ఉన్న ఫారం తీసుకోకూడదు. ఎర్ర సిరాతో 'అసంపూర్తి' అని రాసి, ముద్ర కొట్టి, నాయనకు వాపసు చేశాను.