పదిహేడు వందల యాభై ముడులు

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసేసరికి అందరి ఫోన్లలోనూ ఒకటే వార్త. వాయుగుండం, తెల్లవారేలోగా గట్టి గాలి. చెప్పులు వేసుకుంటూనే అందరం వెనక బెంచీలో కూర్చునే పిన్ని వైపు చూశాం. వడ్డాది రోడ్డులో ఆమెకి ఎకరం చెరకు తోట ఉంది. బాబాయి పోయాక ఆమెకున్న ఆధారం అదొక్కటే. మనిషిని మించి పెరిగిన ఆ చెరకుకి ఇంకా జడ చుట్టలేదు. పక్కపక్క సాళ్లలోని గడలను దగ్గరికి లాగి, వాటి ఎండుటాకుల్నే తాడులా పేని కట్టేస్తే ఒకదాన్నొకటి ఆనుకుని గాలికి నిలబడతాయి. కట్టకపోతే పడిపోతాయి. పడిన చెరకుకి కణుపు కణుపునా మొలకలొస్తాయి, మిగిలింది ఎలకలు చూసుకుంటాయి.

పన్నెండింటికల్లా తోట గట్టు మీద ఉన్నాం. నేను ఎప్పటిలాగే లెక్కకి దిగాను. ఏడో తరగతితో బడి మానేసినా, స్లాబుకి ఎంత సిమెంటు, పెళ్లికి ఎన్ని బియ్యం అని మా వాళ్లు నన్నే అడుగుతారు. ఏదైనా రెండుసార్లు చూసుకుంటే గాని చెప్పను. తోటలో డెబ్బై సాళ్లు. రెండేసి కలిపితే ముప్పై అయిదు జతలు. జతకి యాభై ముడులు చొప్పున పదిహేడు వందల యాభై. ముడికెంతసేపో ఊహించి చెప్పడం ఇష్టంలేక, గట్టు పక్కన అయిదు ముడులు నేనే కట్టి గడియారం చూశాను. ఇరవై నిమిషాలు. అంటే ముడికి నాలుగు.

"కట్టేవోళ్లు పదకొండు మంది. పదిన్నర గంటల పని. సీకటి పడ్డానికి ఆరే గంటలుంది. సగం తోట మిగిలిపోతాది పిన్నీ" అన్నాను.

పిన్ని కొంగు నడుముకి బిగించింది గాని ముఖం పాలిపోయింది. "ఏ సగం వదిలీమంటావు బాబూ? నువ్వే సెప్పు."

నేను చేతిలోని లెక్కల పుస్తకం మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను.

పక్క చేను రైతు నవ్వాడు. తన తోట నిన్ననే కట్టుకుని, పిన్ని కోసం వచ్చినవాడు. నన్ను బావా అంటాడు. "పదకొండేటి బావా? నిన్ను నువ్వు లెక్కెట్టుకోవా? అందరికీ జత కుదిరింది, నానొక్కణ్ణే మిగిలిపోనాను. ఆ పుస్తకం జేబులో ఎట్టీసి ఇటు రా."

"నాకు సేతకాదు బావా."

"అది నువ్వు కట్టిన ముడులు సూస్తేనే తెలస్తంది. రా."

దిగాను. ఆయన ఇటు, నేను అటు, మధ్యలో చెరకు. నేను గడలన్నిటినీ కావలించుకుని లాగి పట్టుకుంటే, ఆయన ఎండాకు దులిపి, పేని, చుట్టి బిగించేస్తున్నాడు. ఆయన చేయి వదిలేలోపే నా చేతులు తర్వాతి గడల మీద ఉంటున్నాయి. ఒక్కణ్ణీ కట్టినప్పుడు పట్టుకోవడమూ నేనే, పేనడమూ నేనే. పేనుతుంటే గడలు జారిపోయేవి, గడలు పట్టుకుంటే ఆకు విడిపోయేది. ఇద్దరైతే నాలుగు నిమిషాల పని రెండవుతుందనే ఎవరైనా అనుకుంటారు. మాకు ఒక్కటే పట్టింది. నమ్మకం కుదరక ఇంకో ముడికి చూశాను. నిమిషమే. మూడోసారి చూడబోతే బావ ఆకు కొనతో నా చేతి మీద ఒకటి వేశాడు.

"గడియారం వొచ్చి కట్టదు బావా."

ఇప్పుడు పన్నెండు మందిమి, అంటే మనుషులు ఆరు జతలు, ముడికి నిమిషం. గడలు పట్టుకునే మనసులో భాగించాను. అయిదు గంటల లోపే. రెండోసారి సరిచూసుకోకుండానే అరిచాను. "పిన్నీ, అయిపోతాది. తోటంతా అయిపోతాది."

"సెప్పీడం ఆపి కట్టు బాబూ" అంది, చెరకులో కనపడకుండా. గొంతులో నవ్వు మాత్రం వినిపించింది.

ఆకు అంచులు ముంజేతులంతా గీరాయి. ఆ గీతల్లోకి చెమట దిగి మండుతోంది. నూగు మెడలోకి చేరి ఒకటే దురద. అయినా నాకు ఆగాలని లేదు. అవతల సాళ్లలో మా వాళ్లు పాట ఎత్తుకున్నారు. చరణానికి రెండు ముడులు. బావ వాళ్లు గుడికెళ్లేవాళ్లు, మా పాటలు ఆయనకి రావు. అయినా పల్లవి వచ్చిన ప్రతిసారీ తోచిన మాటలతో గట్టిగా అందుకున్నాడు.

"ఒరే, ఆ పాట మేం సూసుకుంటాం గాని, నువ్వు ముడి సూసుకో" అని పిన్ని కేకేసింది. తోటంతా నవ్వింది.

వెలుతురు తగ్గేవేళకి ఒక్క జత సాళ్లు మిగిలాయి. పన్నెండు మందిమీ రెండు వైపుల నుంచీ దాని మీద పడ్డాం. చివరి ముడి ఎవరు వేశారో తెలీదు. ఎన్నో ముడో కూడా తెలీదు. ఏ సాలులోనో లెక్క వదిలేశాను, వదిలేసిన సంగతి కూడా అప్పుడే గమనించాను.

రాత్రంతా గాలి. తెల్లారగానే పరుగున వెళ్లాను. తోట ఒక పక్కకి కాస్త ఒరిగింది, కాని నిలబడే ఉంది. పిన్ని, బావ అప్పటికే అక్కడున్నారు. గట్టు పక్కన మాత్రం అయిదు చోట్ల చెరకు నేలకి వాలి ఉంది.

"ఇయ్యెవులు కట్టేర్రా?" అంది పిన్ని, తెలిసే.

బావ ఆకాశం వైపు చూశాడు.

నేను బురదలోకి దిగి, మొదటి చోట గడలన్నిటినీ కావలించుకుని లేపాను. పిన్ని అవతల పక్క నిలబడి ఆకు పేనింది. అయిదూ నిలబెట్టేసరికి ఎండ వచ్చింది. సాయంత్రం మళ్లీ గాలి ఉందని, కాలవ అవతల ఇంకో తోట కట్టకుండా ఉండిపోయిందని బావ అంటున్నాడు. నేను అప్పటికే కాలవ దారి పట్టాను.