అరగంట ఆగని లాంచీ

మా తమ్ముడు దావీదు రంగూను ఓడ ఎక్కబోతున్నాడని ఒక మంగళవారం సాయంత్రం కబురు తెలిసింది. ఓడ మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు కాకినాడలో లంగరు ఎత్తుతుందన్నారు. మా వైపు రైలు ఇంకా రాని రోజులవి. ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలవే దారి. తాడుతో లాగే పడవలో వెళితే సాయంత్రమవుతుంది. ఆవిరి లాంచీ ఏడెనిమిది గంటల్లో చేరుస్తుంది. బుధవారం ఉదయం ఆరు గంటల లాంచీకి నేనూ, దావీదు భార్య మార్తమ్మా టిక్కెట్లు తీసుకున్నాం.

అతను ఎందుకు వెళ్ళిపోతున్నాడో కూడా చెప్పాలి. నేను మిషను బడిలో పంతుల్ని. దావీదు మా నాన్నలాగే గోదావరిలో వల వేసి బతికేవాడు. వాళ్ళ ఏడాది పిల్లకు జ్వరం వచ్చింది. సాయంత్రం దాకా చూద్దాంలే అని దావీదు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళకుండా ఒక పూట ఆగాడు. సాయంత్రానికి పిల్ల దక్కలేదు. సమాధి దగ్గర పదిమంది ముందు నేను, "ఆ పూట ఆగకుండా ఉంటే బతికేది" అన్నాను. అతను తల ఎత్తలేదు. మూడో రోజుకి ఇంట్లో లేడు.

ఆరుకి ఐదు నిమిషాల ముందే లాంచీలో కూర్చున్నాం. చలి బాగా ఉంది. కాలవ మీద మంచు పొగలా లేస్తోంది. ప్రయాణికులం పదిహేను మందిమి ఉంటాం. ఆరు దాటినా లాంచీ కదలలేదు. ఇంజను డ్రైవరు అప్పలస్వామిగారు, విశాఖపట్నం వైపు మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఒక చేత్తో ఇంజను గొట్టాన్ని తడిమి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"నిప్పు రాజుకుంది కదండీ, ఇంకా ఆగడమెందుకు?" అన్నాను.

"బాయిలరు వేడెక్కింది మేష్టారూ, సిలిండరు ఇంకా చల్లగానే ఉంది. చల్లటి ఇనుములోకి ఆవిరి వదిలితే అది నీరైపోద్ది. ఆ నీరు అణగదు, ఇనుమునే పగలగొడద్ది. అది పోయేదాకా మెల్లగా తిప్పాలండి. ఒక అరగంట."

మార్తమ్మ నా వైపు చూసింది. "బావగారూ, రెండింటికల్లా అందుతామా?"

నేను సరంగు దగ్గరికి వెళ్ళాను. లాంచీ మీద అతని మాటే చెల్లుతుంది. మా సంగతి చెప్పాను. విన్నవాళ్ళలో ఒక పొగాకు వర్తకుడు, "పాపం, ఆడకూతురు ఏడుస్తా ఉంది, పోనివ్వండి బాబూ" అన్నాడు. మిగతావాళ్ళూ అదే మాట అన్నారు. సరంగు కదలమన్నాడు. అప్పలస్వామిగారు కింద చిన్న కుళాయిలు తెరిచి, లాంచీని నడక వేగంతో పోనిచ్చాడు. కుళాయిల్లోంచి నీళ్ళూ ఆవిరీ చిమ్ముతున్నాయి. పావుగంట కూడా ఓపిక పట్టలేకపోయాను. "మీ ఇనుము చలి మా మనిషి కన్నా ఎక్కువా అండి?" అని అరిచాను. సరంగు పూర్తి వేగం పెట్టమన్నాడు. డ్రైవరు నా ముఖంలోకి ఒకసారి చూసి, కుళాయిలు కట్టేసి, ఆవిరి వదిలాడు.

ఒక మైలు దూరం లాంచీ బాణంలా వెళ్ళింది. నాకు సంతోషం వేసిందని ఒప్పుకోవాలి. తరవాత ఇంజనులో సుత్తి దెబ్బ లాంటి చప్పుడు రెండుసార్లు వినిపించింది. మూడోసారి సిలిండరు మూత పగిలింది. లాంచీ అంతా ఆవిరి కమ్మేసింది. అది విడిపోయాక చూస్తే అప్పలస్వామిగారు కుడి చెయ్యి కాలవ నీళ్ళలో ముంచి కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా చర్మం ఊడిపోయింది.

ఏడున్నరకు వెనక నుంచి వచ్చిన ధాన్యం పడవలో ఎక్కాం. గట్టు మీద ఇద్దరు తాడు పట్టి లాగుతున్నారు. నేను కూడా దిగి తాడు భుజాన వేసుకున్నాను. పడవతను, "మీకు అలవాటు లేదండి, భుజం పుండైపోద్ది" అన్నాడు. పన్నెండింటికి ఒక లాకు దగ్గర నీళ్ళు సరిచేసేదాకా ఆపారు. మార్తమ్మ తెచ్చిన చద్దన్నం మూట విప్పి నా ముందు పెట్టింది. తను తినలేదు. రెండు గంటలకు మేము ఇంకా వరిచేల మధ్యనే ఉన్నాం. ఆ గంట గడిచిందని ఇద్దరికీ తెలుసు.

కాకినాడ రేవు చేరేసరికి ఐదు దాటింది. సముద్రం మీద దూరంగా సన్నటి పొగ చార తప్ప ఏమీ లేదు. మనుషుల్ని ఓడ దగ్గరికి చేర్చే పడవవాడు ఒకడు తెడ్లు ఒడ్డున పెడుతున్నాడు. దావీదు నుదుటి మచ్చ గుర్తు చెప్పి అతన్ని అడిగాను.

"రెండింటికే కదలాలండి. బస్తాలు ఎక్కించడం ఆలస్యమై నాలుగింటిదాకా ఆగింది. నుదుటి మీద మచ్చ ఉన్నాయన మీ తమ్ముడా అండి? ఆయన ఆఖరి పడవ దాకా ఎక్కలేదు. కాలవ వైపే చూస్తా కూచున్నాడు. మూడింటికి నేనే ఎక్కించాను."

నేను లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. అరగంట ఆగి, ఇంజను వెచ్చబడ్డాక బయలుదేరి ఉంటే రెండింటికి కాస్త అటూ ఇటుగా అక్కడ ఉండేవాళ్ళం. మార్తమ్మ ఇసకలో కూలబడిపోయింది. లేవదీయడానికి చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

ఆ రాత్రికి ప్రార్థన మందిరం వాళ్ళు చోటిచ్చారు. గురువారం తిరుగు ప్రయాణం తాడు పడవలోనే. ఎదురు ప్రవాహం కావడంతో రోజంతా పట్టింది. పొద్దువాలే వేళ, ధవళేశ్వరం దాపుల్లో, గట్టుకి కట్టేసిన లాంచీ కనిపించింది. అప్పలస్వామిగారు చేతికి గుడ్డ చుట్టుకుని దాని పక్కనే కూర్చుని ఉన్నాడు.

"దొరికారా అండి?" అని అడిగాడు.

నేను లేదన్నాను. మార్తమ్మ పడవ అంచుకు వచ్చింది.

"మీరన్నట్టు ఆగితే అందేవాళ్ళమా తాతగారూ?"

ఆయన, "ఏమోనమ్మా. చెప్పలేం" అన్నాడు. ఆయనకు ఆ దారి, ఆ గంటలు నా కంటే బాగా తెలుసు. ఆమె కోసం అలా అన్నాడు. ఆమె నమ్మలేదు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చెప్పదగినవి చాలా ఉన్నాయి. కాలవ గట్లు చూడముచ్చటగా ఉంటాయి, లాకుల దగ్గర మంచి మజ్జిగ దొరుకుతుంది. ఇంజను దగ్గరున్న మనిషి వ్యవధి అడిగితే మాత్రం ఇవ్వండి. నాకు ఆ ప్రయాణంలో మిగిలింది అదొక్కటే. రంగూను వెళ్ళే ప్రతివాడి చేతా ఉత్తరం పంపుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కదానికీ జవాబు లేదు. దావీదుకు చదువు రాదు. సమాధి దగ్గర ఆ మాట అనడం నా తప్పని నా నోటితో చెప్పాలనే ఆ రోజు బయలుదేరాను.