నోట్లో తంబాకు ఉన్నంతసేపు

మా అత్తమ్మ నోట్లో తెల్లని మచ్చ చూసి, బాన్సువాడ దవాఖానలో డాక్టరమ్మ తంబాకు వెంటనే మానేయమంది. మానకపోతే అది క్యాన్సర్ కావచ్చని నా ముందే చెప్పింది. ఆ ఆదివారం మా చర్చి సంఘమంతా ఆమె కోసం మోకరించింది. సోమవారం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే ఆ చెయ్యి నడుము దగ్గరి తంబాకు సంచిలోకే పోయింది.

పిట్లం నుంచి వచ్చిన ఆడబిడ్డ ఊరుకోలేదు. "ఏందమ్మా, నిన్న కండ్లు మూసుకొని ఆమేన్ అన్నది నువ్వు కాదా?"

"నేనే అన్న. నా చెయ్యి అనలే," అంది అత్తమ్మ.

సంచిలో తంబాకు తీసేసి సోంపు పోశాను. అత్తమ్మ ఆ సోంపు నమిలింది, పక్కింట్లో తంబాకు కూడా అడిగి తెచ్చుకుంది.

ప్రార్థనకు జవాబు వస్తుందన్న నమ్మకం నాకు సడలలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అది వచ్చింది. పొద్దంతా అత్తమ్మ నా పక్కనే చాప మీద కూర్చుంది. సాయంత్రం అందరితో అన్నం తిన్నాక కూడా సంచి తడుముకోలేదు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఇయ్యాల తంబాకు యాదికి రాలేదా అత్తమ్మా?"

"మందిరంల నన్ను పనికి ఎవలు పిలుస్తరే?"

అప్పుడు చెప్పింది. వయసులో నిజాంసాగర్ కాలువ కింద నాట్లకు పోయినప్పుడు, గట్టు మీద సద్ది తిన్నాక ఆడవాళ్ళు తంబాకు పెట్టుకునేవారట. అది నోట్లో ఉన్నంతసేపు మేస్త్రీ లేపేవాడు కాదట. పెట్టుకోని మనిషిని ముందే మడిలోకి దింపేవాడట.

"తిన్నంక జర కూసోవాలె గద బిడ్డా. గందుకే నేర్చుకున్న."

విశ్రాంతిని ఆజ్ఞగా ఇచ్చిన దేవుణ్ణి నమ్మే ఇల్లు మాది. ఆ ఇంట్లోనే, ఆమె తిని లేవగానే గిన్నెలకూ బట్టలకూ పిలుస్తూ వచ్చాం.

మర్నాటి నుంచి ఆమె తినగానే చాప పరిచాను, ఎవరూ పిలవొద్దన్నాను. చెయ్యి సంచి దాకా పోయేది, సోంపుతో తిరిగి వచ్చేది. మధ్యలో ఒకసారి తప్పి తంబాకు పెట్టుకుంది. మళ్ళీ చాప పరిచాను. అలవాటు దేనికోసం పుట్టిందో అది మనిషికి దొరికితే, అలవాటు తన పట్టు తానే వదులుతుంది. నేను కళ్ళారా చూశాను.

ఈమధ్య డాక్టరమ్మ లైటు వేసి చూసి, మచ్చ పోయిందంది. ఆదివారం అత్తమ్మ సాక్ష్యానికి లేచి, "దేవుడు నన్ను కూసుండనిచ్చిండు" అని చెప్పి కూర్చుంది.

ఇప్పటికీ మధ్యాహ్నం అత్తమ్మ తిని చాప మీద కూర్చున్నప్పుడు ఆడబిడ్డ ఫోన్ చేసి అమ్మకియ్యమంటే నాది ఒకటే జవాబు.

"నోట్ల తంబాకున్నది వదినె, జర ఆగు."